ఫైనల్ ఇయర్ ఐటీ ప్రాజెక్ట్: మొదటి వారం నుంచి వైవా దాకా

లాగిన్ పేజీ ఒకరి ల్యాప్‌టాప్‌లో ఉంటుంది. డేటాబేస్ ఇంకొకరి దగ్గర, రిపోర్ట్ మూడో వాళ్ల దగ్గర. ఎవరి ముక్క వాళ్ల దగ్గర చక్కగానే నడుస్తుంది. రివ్యూకి రెండు రోజుల ముందు అన్నీ కలుపుదామని కూర్చుంటారు. ఒకరి కోడ్ తేదీని రోజు, నెల, సంవత్సరం వరుసలో పంపిస్తుంటే ఇంకొకరి కోడ్ దాన్ని తిరగేసి చదువుతుంటుంది. ఒకచోట యూజర్ ఐడీ అంటే అంకె, మరోచోట ఈమెయిల్. ఇక ఆ రెండు రాత్రులూ నిద్ర ఉండదు.

నేను దగ్గరగా చూసిన ప్రాజెక్టుల్లో తెలివి చాలక ఆగిపోయినవి చాలా తక్కువ. ముక్కల్ని ఆలస్యంగా కలపడం వల్ల మునిగిపోయినవే ఎక్కువ. అందుకే ఇక్కడ నేను చెప్పబోయే పద్ధతి అంతా ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది. ముందు కలపండి, తర్వాత పెంచండి.

1. టెక్నాలజీని కాదు, మనిషిని వెతకండి

"బ్లాక్‌చెయిన్‌తో ఏదైనా చేద్దాం", "ఏఐ పెడితే మార్కులు వస్తాయి" అని మొదలుపెట్టిన టీమ్ నెల తిరిగేసరికి సమస్య కోసం వెతుక్కుంటూ ఉంటుంది. దీన్ని తిప్పి చేయండి. రోజూ చేసే పనిలో ఇబ్బంది పడుతున్న ఒక మనిషిని పట్టుకోండి. ఆ మనిషి మీకు వారంలో ఒక్కసారైనా కలిసేంత దగ్గరలో ఉండాలి.

ఈ వ్యాసం అంతా ఒకే ఉదాహరణతో వెళ్దాం. కాలేజీ ల్యాబ్‌లో కెమెరాలు, సెన్సర్ కిట్లు, రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డులు ఉన్నాయి. ఎవరు ఏది ఎప్పుడు వాడుకుంటారో ల్యాబ్ అసిస్టెంట్ ఒక రిజిస్టర్‌లో రాసుకుంటారు. ఆ రిజిస్టర్ పక్కన ఒక గంట కూర్చోండి. కొట్టివేతలు ఎక్కడ ఎక్కువున్నాయి? ఆయన ఏ పేజీకి పదేపదే వెనక్కి వెళ్తున్నారు? "ఆ కెమెరా ఎవరి దగ్గరుంది?" అని రోజుకి ఎన్నిసార్లు అడుగుతున్నారు? అక్కడ మీ చేత్తో రాసుకున్న పది లైన్లే తర్వాత రిపోర్ట్‌లో సమస్య అధ్యాయం అవుతాయి. ఇంకెవరి రిపోర్ట్‌లోనూ దొరకని అధ్యాయం అది.

డేటా చూసి కంప్యూటరే నేర్చుకునే మెషిన్ లెర్నింగ్ ప్రాజెక్ట్ అయితే డేటా చేతికొచ్చాకే టైటిల్ ఖాయం చేసుకోండి. "ఆసుపత్రి డేటా ఇస్తామన్నారు" అనే మాట మీద మూడు నెలలు కూర్చోవడం చాలా ప్రమాదం. 150 పూల కొలతలుండే ఐరిస్ డేటా 1936 నుంచి ఉంది. ఎమ్‌నిస్ట్ అనే డేటాసెట్‌లో చేతిరాత అంకెల బొమ్మలు 70,000 ఉన్నాయి. నేర్చుకోవడానికి రెండూ మంచివే. కానీ వాటి మీదే ప్రాజెక్ట్ చేస్తే, ఇందులో మీరు కొత్తగా చేసిందేంటి అని ఎగ్జామినర్ అడిగినప్పుడు చెప్పడానికి ఏమీ ఉండదు.

రెడీమేడ్ ప్రాజెక్ట్ కొనుక్కునే ఆలోచన ఉంటే ఇక్కడే వదిలేయండి. అది తప్పు. పైగా వైవాలో రెండో ప్రశ్నకే తెలిసిపోతుంది. నాలుగేళ్లు చదివాక మీ చేత్తో పూర్తిగా కట్టే మొదటి వస్తువు ఇది, ఆ అవకాశాన్ని అమ్ముకోకండి.

2. ఒక్క పేజీలో హద్దులు గీయండి

ఒక కాగితం తీసుకోండి. పైన ఒకే వాక్యం రాయండి. "ల్యాబ్ పరికరాన్ని విద్యార్థి ముందుగా బుక్ చేసుకోగలగాలి, అది ఎవరి దగ్గరుందో అసిస్టెంట్‌కి వెంటనే తెలియాలి." దాని కింద నాలుగు జాబితాలు: తప్పకుండా ఉండాల్సినవి, ఉంటే మంచివి, వీలైతే చేసేవి, ఈసారి చేయనివి. ఈ విభజనను 1994లో డై క్లెగ్ అనే ఇంజనీర్ రూపొందించారు, మాస్కో పద్ధతి అంటారు. ఆ పేరుకీ నగరానికీ సంబంధం లేదు, నాలుగు ఇంగ్లిష్ మాటల మొదటి అక్షరాలు కలిపి పెట్టింది.

నాలుగో జాబితా మీదే ఎక్కువసేపు కూర్చోండి. మొబైల్ యాప్ చేయం. ఫైన్ కట్టించుకోవడం, పేమెంట్ చేయం. చాట్‌బాట్ పెట్టం. ఇలా రాసి, గైడ్‌కి ఈమెయిల్ పంపి, "సరే" అనే జవాబు తెచ్చుకోండి. మధ్య రివ్యూలో ఎవరైనా "నోటిఫికేషన్లు కూడా పెట్టండి" అన్నప్పుడు ఆ కాగితం మిమ్మల్ని కాపాడుతుంది. వాదించక్కర్లేదు. "మూడో జాబితాలో ఉంది సార్, మొదటి జాబితా అయ్యాక చూస్తాం" అంటే చాలు.

అవసరాలు రాసేటప్పుడు ప్రతిదానికీ ఒక నంబర్ ఇవ్వండి, పరీక్షించగలిగేలా రాయండి. "సిస్టమ్ వేగంగా ఉండాలి" అనేదాన్ని ఎవరూ పరీక్షించలేరు. "500 బుకింగ్‌లు ఉన్నప్పుడు ఈ వారం జాబితా 2 సెకన్లలో తెరుచుకోవాలి" అన్నది పరీక్షించవచ్చు. మీకిచ్చిన ఎస్ఆర్‌ఎస్ (అవసరాల పత్రం) టెంప్లేట్ బహుశా 1998 నాటి ఐఈఈఈ 830 అనే ప్రమాణం ఆధారంగా ఉండొచ్చు. 2011లో దాని స్థానంలో 29148 అనే ప్రమాణం వచ్చింది. కాలేజీ ఇచ్చిన ఫార్మాట్‌నే వాడండి, అందులో పేచీ వద్దు. నంబర్లు మాత్రం వదలకండి. చివర్లో టెస్ట్ కేసులు ఆ నంబర్లకే తగిలించాలి.

16 వారాలున్నాయనుకుంటే నేనైతే ఇలా పంచుతాను. మొదటి రెండు వారాలు సమస్యకి, హద్దులకి. 3, 4 వారాల్లో కింద చెప్పబోయే సన్నటి దారం. 5 నుంచి 11 దాకా ఒక్కో ఫీచర్. 12, 13 వాడేవాళ్లతో పరీక్ష. 14, 15 రిపోర్ట్ సరిచూడటం. 16వ వారం ఖాళీ. దాన్ని ఎవరికీ అప్పివ్వకండి, అనుకోనిది ఎలాగూ ఏదో ఒకటి వచ్చి తినేస్తుంది.

వెనకబడితే మనుషుల్ని కాదు, ఫీచర్లని మార్చండి. ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి కొత్తవాళ్లని చేరిస్తే అది ఇంకా ఆలస్యమవుతుందని ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లోనే రాశారు. కారణం సులువే, కొత్తగా వచ్చినవాళ్లకి నేర్పాల్సింది అప్పటికే పనిలో మునిగి ఉన్నవాళ్లే కదా.

3. కోడ్ ఒక్కచోటే ఉండాలి

కోడ్‌లో ఎవరు ఏం మార్చారో చరిత్రతో సహా దాచే టూల్ గిట్. దాన్ని 2005లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నల్ కోసం రాశారు. వేలమంది కలిసి పనిచేయడానికి సరిపోయింది, నలుగురికి సరిపోదా? "ప్రాజెక్ట్ ఫైనల్ 2 కొత్తది" అనే జిప్ ఫైల్‌ని వాట్సాప్‌లో పంపుకోవడం మొదటి రోజే మానేయండి.

బ్రాంచ్, అంటే ఒకరు విడిగా మార్చుకునే కోడ్ కాపీ, రెండు రోజులకి మించి విడిగా బతకకూడదు. చిన్న మార్పు, చిన్న కమిట్ (గిట్‌లో ఆ మార్పుని భద్రపరచడం), వెంటనే అందరి ఉమ్మడి కోడ్ ఉండే మెయిన్‌లో కలపడం. కమిట్ మెసేజ్‌లో "అప్‌డేట్ చేశాను" అని కాకుండా ఏం మారిందో రాయండి. ఎవరు ఎంత పని చేశారో అడిగినప్పుడు ఆ చరిత్రే మీ సాక్ష్యం.

రెండు జాగ్రత్తలు. పాస్‌వర్డ్ గానీ ఏపీఐ కీ (బయటి సర్వీసు వాడుకోవడానికి ఇచ్చే రహస్య కోడ్) గానీ పొరపాటున కమిట్ అయితే, తర్వాతి కమిట్‌లో తీసేసినా పాత చరిత్రలో ఉండిపోతుంది. కాబట్టి ముందు ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోండి, శుభ్రం చేయడం తర్వాత చూసుకోవచ్చు. ఇక పెద్ద ఫైళ్లు. గిట్ కోడ్‌ని నెట్‌లో ఉంచే గిట్‌హబ్, 100 ఎంబీ దాటిన ఫైల్‌ని మామూలు పుష్‌లో (అప్‌లోడ్‌లో) తీసుకోదు. డేటాసెట్లు, ట్రెయిన్ చేసిన మోడళ్లు వేరేచోట ఉంచి, ఎక్కడ దొరుకుతాయో కోడ్‌తో పాటు ఉండే సూచనల ఫైల్ రీడ్‌మీలో రాయండి.

4. సన్నటి దారం: మొత్తం పనిలో ముఖ్యమైన వారం

మూడో వారంలో ఒకే ఒక స్క్రీన్ చేయండి. దాని మీద ఒక డ్రాప్‌డౌన్, ఒక బటన్. పరికరం ఎంచుకుని "బుక్" నొక్కితే సర్వర్‌కి రిక్వెస్ట్ వెళ్లాలి, డేటాబేస్‌లో ఒక వరుస చేరాలి, "బుక్ అయింది" అని స్క్రీన్ మీదకి తిరిగి రావాలి. లాగిన్ లేదు. రంగులు లేవు. అందంగా అస్సలు ఉండదు. కానీ అది మీ ల్యాప్‌టాప్‌లో కాకుండా నెట్‌లో ఒక సర్వర్ మీద నడవాలి, టీమ్‌లో అందరూ తమ ఫోన్‌లోంచి తెరిచి నొక్కగలగాలి.

చిన్న పనిలా కనిపిస్తుంది. వారం పడుతుంది. ఎందుకంటే తేదీ ఫార్మాట్ గొడవ, డేటాబేస్ కనెక్షన్ గొడవ, సర్వర్‌లో వేరే వెర్షన్ ఉండటం వంటివన్నీ ఇక్కడే బయటపడతాయి. చివరి రెండు రాత్రుల్లో పడాల్సిన టెన్షన్ మూడో వారంలోనే పడిపోతారు, సరిచేసుకోవడానికి ఇంకా మూడు నెలలు చేతిలో ఉంటాయి. ఇకమీదట ప్రతి ఫీచర్‌నీ ఈ దారం మీదే అల్లండి. ఏ శుక్రవారం సాయంత్రం తెరిచినా అది నడవాలి.

ఏ టెక్నాలజీ వాడాలి అంటారా? టీమ్‌లో కనీసం ఒకరికి బాగా తెలిసినది. నేర్చుకోవాల్సిన కొత్త వస్తువు ఒక్కటి ఉండొచ్చు, మూడు ఉండకూడదు. ఈ సైజు పనికి ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ కూడా చాలు. చాలామంది ఒకేసారి రాసే సిస్టమ్ అయితే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ తీసుకోండి.

డిజైన్ బొమ్మల్లో ఈఆర్ డయాగ్రమ్ మీద, అంటే ఏ టేబుల్‌కి దేనితో సంబంధమో చూపే బొమ్మ మీద, ఎక్కువ సమయం పెట్టండి. కాగితం మీద, పెన్సిల్‌తో, అందరూ చుట్టూ కూర్చుని గీయండి. "కెమెరా" అంటే ఒక మోడలా, లేక నంబర్ వేసిన ఒక్కో కెమెరానా? ఈ ఒక్క ప్రశ్న మీద టేబుళ్లు మారిపోతాయి. మిగతా యూఎంఎల్ (సాఫ్ట్‌వేర్ డిజైన్) బొమ్మలు రివ్యూకి ఎన్ని అడిగితే అన్ని.

5. ఒక కష్టమైన చోటుని లోతుగా తవ్వండి

పది మామూలు ఫీచర్ల కంటే, నిజంగా అర్థం చేసుకుని పరిష్కరించిన ఒక కష్టం ప్రాజెక్ట్‌ని నిలబెడుతుంది. మన ఉదాహరణలో అది ఒకే స్లాట్‌ని ఇద్దరు ఒకేసారి బుక్ చేయడం.

మామూలుగా రాసే కోడ్ ఇలా ఉంటుంది: ముందు టేబుల్‌లో చూడు, ఆ స్లాట్ ఖాళీగా ఉంటే కొత్త వరుస రాయి. తప్పేమీ కనిపించదు. కానీ మొదటి విద్యార్థి రిక్వెస్ట్‌కి "ఖాళీ" అని జవాబు వచ్చి, వరుస రాసేలోపు కొన్ని మిల్లీసెకన్ల సందు ఉంది. సరిగ్గా ఆ సందులో రెండో విద్యార్థి రిక్వెస్ట్ వస్తే దానికీ "ఖాళీ" అనే జవాబే వస్తుంది. ఇద్దరి పేర్లూ రాసేస్తుంది. సోమవారం పొద్దున ఇద్దరూ ఒకే కెమెరా కోసం వచ్చి నిలబడతారు. దీన్నే రేస్ కండిషన్ అంటారు.

మీ కళ్లతో చూడాలంటే, చూడటానికీ రాయడానికీ మధ్య కోడ్‌లో కావాలనే 5 సెకన్ల ఆలస్యం పెట్టండి. రెండు వేర్వేరు బ్రౌజర్లు తెరిచి, రెండింట్లో ఒకే స్లాట్ ఎంచుకుని, ఒకదాని వెంట ఒకటి నొక్కండి. టేబుల్ తెరవండి. రెండు వరుసలు కనిపిస్తాయి. స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి.

ఇప్పుడు పరికరం నంబర్, తేదీ, స్లాట్ అనే మూడు కాలమ్‌లకి కలిపి డేటాబేస్‌లో యునిక్ కన్‌స్ట్రెయింట్ పెట్టండి, అంటే ఆ మూడూ ఒకటే అయిన వరుస రెండోసారి చేరకూడదనే నియమం. అదే ప్రయోగం మళ్లీ చేయండి. ఈసారి రెండో వరుసని డేటాబేసే తిప్పికొడుతుంది. ఆ ఎర్రర్‌ని పట్టుకుని 500 (సర్వర్‌లో లోపం) అని చూపించకుండా, 409 (ఘర్షణ) కోడ్‌తో "ఈ స్లాట్ ఇప్పుడే నిండిపోయింది, వేరేది చూడండి" అని చూపించండి.

అయిపోయిందనుకోకండి. ఎవరైనా బుకింగ్ రద్దు చేసుకుంటే ఆ వరుసని "రద్దు" అని గుర్తుపెట్టి ఉంచుతారు కదా. ఆ వరుస టేబుల్‌లోనే ఉంది కాబట్టి, ఖాళీ అయిన స్లాట్‌ని ఇంకెవరూ తీసుకోలేరు. దీనికి యునిక్ నియమాన్ని రద్దు కాని వరుసలకే వర్తించేలా పార్షియల్ ఇండెక్స్‌గా పెట్టండి. పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూలైట్ రెండింట్లోనూ ఉంది. ఈ మొత్తం కథ రిపోర్ట్‌లో మూడు పేజీలు అవుతుంది, ఆ మూడు పేజీలు చదివిన ఎగ్జామినర్ మిమ్మల్ని వేరేగా చూస్తారు.

మీది మెషిన్ లెర్నింగ్ అయితే కష్టమైన చోటు వేరు. 100 కేసుల్లో 95 "లేదు", 5 "ఉంది" అనుకోండి. ఏమీ నేర్చుకోకుండా అన్నిటికీ "లేదు" అని చెప్పే మోడల్‌కి కూడా 95 శాతం ఆక్యురసీ వస్తుంది, దొరకాల్సిన 5 కేసుల్లో ఒక్కటీ దొరకదు. కాబట్టి కన్‌ఫ్యూజన్ మ్యాట్రిక్స్ (ఒప్పులు, తప్పులు ఏ రకమో చూపే పట్టిక), ప్రెసిషన్ ("ఉంది" అన్నవాటిలో నిజమైనవెన్ని), రీకాల్ (నిజంగా ఉన్నవాటిలో దొరికినవెన్ని) చూపించండి. టెస్ట్ డేటాని మొదటే పక్కకి తీసిపెట్టండి. సగటులు లెక్కకట్టడం, స్కేలింగ్ (అంకెలన్నిటినీ ఒకే కొలతలోకి తేవడం) వంటివి ట్రెయినింగ్ డేటా మీదే చేయండి. అలా కాకుండా మొత్తం డేటా మీద చేసి తర్వాత విడగొడితే టెస్ట్ జవాబులు ముందే లీక్ అయినట్టు. ఫలితం అనుమానం కలిగేంత బాగా వస్తే, సంబరపడే ముందు అక్కడ వెతకండి.

పాస్‌వర్డ్‌ల గురించి ఒక్కమాట. వాటిని ఉన్నవున్నట్టు టేబుల్‌లో దాచకండి. బీక్రిప్ట్ లాంటి హాష్ వాడండి, అంటే పాస్‌వర్డ్‌ని వెనక్కి తిప్పలేని గుర్తుగా మార్చి దాచడం. మీ ఫ్రేమ్‌వర్క్‌లో తయారుగా ఉన్న లాగిన్ వ్యవస్థనే తీసుకోండి, సొంతంగా రాయొద్దు. డేటాబేస్‌ని అడిగే ఎస్‌క్యూఎల్ క్వెరీల్లో యూజర్ టైప్ చేసిన మాటని నేరుగా అతికించకుండా పారామీటర్‌గా పంపండి.

6. వాడేవాళ్ల పక్కన నోరు మూసుకుని కూర్చోండి

ఐదుగురు చాలు. ఒకే రకం యూజర్ల విషయంలో, మొదటి ఐదుగురితోనే వాడకంలోని ఇబ్బందులు ఎక్కువభాగం బయటపడతాయని వాడకం సులువు మీద పరిశోధన చేసిన జేకబ్ నీల్సన్ చెప్పిన మాట చిన్న ప్రాజెక్టులకి బాగా సరిపోతుంది. టీమ్ బయటివాళ్లని పిలవండి. ఒక పని చెప్పండి. "వచ్చే మంగళవారం మధ్యాహ్నానికి కెమెరా బుక్ చేయండి." అంతే, ఇక మాట్లాడకండి.

ఇది చాలా కష్టం. బటన్ కళ్లముందే ఉన్నా వాళ్లకి కనిపించదు. మీ చెయ్యి మౌస్ వైపు వెళ్తుంది. ఆపుకోండి. వాళ్లు ఎక్కడ ఆగారో, ఎంతసేపు ఆగారో, ఏమని గొణుక్కున్నారో రాసుకోండి. ఒకరు ఆగితే గమనించండి, ముగ్గురు ఒకేచోట ఆగితే మార్చండి.

అంకె కావాలంటే సిస్టమ్ వాడటం ఎంత సులువో కొలవడానికి 1986లో జాన్ బ్రూక్ రూపొందించిన ఎస్‌యూఎస్ ప్రశ్నావళి ఇవ్వండి. 10 వాక్యాలు, ఒక్కోదానికి 1 నుంచి 5. బేసి సంఖ్య వాక్యాల స్కోర్‌లోంచి 1 తీసేయాలి, సరి సంఖ్య వాక్యాలకి 5 లోంచి స్కోర్ తీసేయాలి, అన్నీ కూడి 2.5తో గుణించాలి. సగటు 68 అంటారు. అది శాతం కాదని రిపోర్ట్‌లో తప్పకుండా రాయండి, చాలామంది అక్కడే పొరబడతారు. ఐదుగురి జవాబులతో పెద్ద పెద్ద తీర్మానాలు కూడా చేయొద్దు. ముందే వాళ్ల అనుమతి అడిగి, ప్రాజెక్ట్ అయ్యాక వాళ్ల డేటా తుడిచేస్తామని మాటిచ్చి, పేర్లు లేకుండా రాసుకోండి.

7. రిపోర్ట్

మొదటి రోజే ఒక డైరీ ఫైల్ తెరవండి. ఏ నిర్ణయం, ఏ తేదీన, ఎందుకు. "పోస్ట్‌గ్రెస్ తీసుకున్నాం, ఎందుకంటే..." అని రెండు లైన్లు. ఇది ఉంటే రిపోర్ట్ సగం రాసినట్టే. లేకపోతే 14వ వారంలో ఎందుకలా చేశామో మీకే గుర్తుండదు.

రాసే వరుస చదివే వరుస కాదు. కోడ్ ఇంకా బుర్రలో వేడిగా ఉన్నప్పుడే అమలు, పరీక్షల అధ్యాయాలు రాసేయండి. పరిచయం తర్వాత. అబ్‌స్ట్రాక్ట్ (మొదటి పేజీ సారాంశం) అన్నిటికంటే చివర. స్క్రీన్‌షాట్లతో పేజీలు నింపకండి. ప్రతి బొమ్మ కింద అది ఏం చూపిస్తోందో ఒక వాక్యం ఉండాలి, ఆ వాక్యం రాయలేకపోతే బొమ్మ తీసేయండి. పనిచేయనివి కూడా రాయండి. "రెండు నెలల తర్వాతి తేదీకి బుక్ చేస్తే క్యాలెండర్ నెమ్మదిస్తోంది" అని మీరే చెబితే అది పరిమితి. ఎగ్జామినర్ కనిపెడితే అది లోపం.

ఏఐ టూల్స్‌తో కోడ్ రాయించుకుంటే మీ కాలేజీ నియమం చూసి, ఎక్కడ వాడారో చెప్పండి. నా సలహా ఒకటే. పక్కవాళ్లకి లైన్ లైన్‌గా వివరించలేని కోడ్‌ని మెయిన్ బ్రాంచ్‌లోకి రానివ్వకండి.

8. డెమో, వైవా

మూడు రోజుల ముందు కోడ్ ముట్టుకోవడం ఆపేయండి. ఆ వెర్షన్‌కి గిట్‌లో ట్యాగ్ (గుర్తు పేరు) పెట్టండి. తర్వాత ఈ ప్రాజెక్ట్ ఎప్పుడూ చూడని ల్యాప్‌టాప్ ఒకటి అడిగి తెచ్చుకుని, రీడ్‌మీలో ఉన్నది మాత్రమే చదువుతూ మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేయండి. ఎక్కడ ఆగినా ఆ లైన్ రీడ్‌మీలో చేర్చండి. "నా మెషిన్‌లో పనిచేస్తోంది సార్" అనే మాట చెప్పాల్సిన అవసరం రాదు.

డెమోకి అర్థవంతమైన డేటా ముందే నింపి పెట్టండి. "అఅఅ", "టెస్ట్123" అనే పేర్లు చూస్తే పని మీద గౌరవం పోతుంది. నెట్ పోతుందనే అనుకోండి. ల్యాప్‌టాప్‌లోనే నడిచే కాపీ ఒకటి, 3 నిమిషాల స్క్రీన్ రికార్డింగ్ ఒకటి సిద్ధంగా ఉంచండి. డెమోని లాగిన్ పేజీతో మొదలుపెట్టకండి. ల్యాబ్ అసిస్టెంట్ రిజిస్టర్ ఫోటో చూపించి, ఆయన ఇబ్బంది చెప్పి, నేరుగా బుకింగ్‌లోకి వెళ్లండి. రెండో నిమిషంలో ఒకే స్లాట్‌ని రెండు బ్రౌజర్లలో నొక్కి చూపించండి.

టీమ్‌లో ప్రతి ఒక్కరూ ప్రతి భాగం గురించి కనీసం ఐదు నిమిషాలు మాట్లాడగలగాలి. ముందురోజు ఒకరి భాగాన్ని ఇంకొకరు వివరించేలా ప్రాక్టీస్ చేయండి. ఈ టేబుల్ ఎందుకు విడిగా ఉంది? వెయ్యిమంది ఒకేసారి వస్తే ఏది ముందు ఆగిపోతుంది? మళ్లీ మొదలుపెడితే ఏం మారుస్తారు? ఈ మూడూ దాదాపు ఎప్పుడూ వస్తాయి. తెలియనిది వస్తే "అది మేం పరీక్షించలేదు, పరీక్షించాలంటే ఇలా చేస్తాం" అనండి.

వైవా అయ్యాక ఒక గంట పని మిగిలి ఉంటుంది. పరీక్షలో పాల్గొన్నవాళ్ల డేటా తుడిచేస్తామని మాటిచ్చారు కదా, తుడిచేయండి. ఏపీఐ కీలు రద్దు చేయండి. క్లౌడ్ సర్వర్ ఆపేసి, బిల్లింగ్ పేజీలో ఇంకేదీ నడవడం లేదని చూసుకోండి. ల్యాబ్ అసిస్టెంట్‌కి నిజంగానే నచ్చి, వాడతామని అడిగితే మాత్రం సర్వర్‌ని ఆపకండి. ఎవరి ఖాతాలో నడవాలో, బ్యాకప్ ఎవరు తీయాలో ఆయనతో కూర్చుని రాసుకుని, అడ్మిన్ పాస్‌వర్డ్ ఆయనే మార్చుకునేదాకా పక్కన ఉండి రండి.